కెమెరాలో అద్దము: దాని రాకపోకల చరిత్ర

2018వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన నైకాన్ సంస్థవారు జెడ్ 6, జెడ్ 7 అను రెండు కెమెరాలను, పిదప పక్షము దినములు నిండకమునుపే సెప్టెంబరు 5న కేనన్ సంస్థవారు ఈఓఎస్ ఆర్ అను కెమెరాను లోకమునకు ప్రకటించినప్పుడు, ఆరు దశాబ్దములుగా ఛాయాగ్రహణ వృత్తిని ఏలుచు వచ్చిన ఒక యంత్రభాగము, అనగా లెన్సునకు వెనుక నలుబదియైదు డిగ్రీల వాలున నిలిచి, ముందున్న దృశ్యమును పైకి మరలించి, మీట నొక్కిన క్షణమున తాను తొలగి వెలుతురునకు దారి యిచ్చెడి ఆ చిన్న అద్దము, తన అధికారమును కోల్పోయినదని వృత్తివారందఱకును తెలిసిపోయెను. ఫుజీఫిల్మ్, ఒలింపస్, పేనసోనిక్, సోనీ సంస్థలు అంతకు పూర్వమే అద్దములేని కెమెరాలను అమ్ముచుండినను, వృత్తిలోని పెద్దలు ఈ రెండు పాత గృహముల నిర్ణయమునకై వేచియుండిరి. అవి రెండును ఒకే ఋతువున తలయూపిన తరువాత ఇక సందేహమునకు తావు లేకపోయెను.

నాటినుండి ప్రతి స్టూడియోలోను, ప్రతి పెండ్లి పందిరిలోను, ఛాయాచిత్రకారులు నలుగురు కూడినచోటనెల్ల ఒక్కటే ప్రశ్న వినవచ్చుచున్నది: పాత బాడీని విడిచి కొత్త మిర్రర్‌లెస్ బాడీకి మారవలెనా, మారినచో దేనికి మారవలెను? ఈ ప్రశ్నకు ఉత్తరమును అంగడివారి గుణపట్టికలలో వెదకుట లోకాచారమైనది. అయితే ఆ అద్దము ఏ అవసరమునకై కెమెరాలోనికి వచ్చెనో, దానికి చోటిచ్చుటకై నిర్మాతలు ఏయే కట్టుబాట్లకు లోబడిరో, ఆ కట్టుబాట్లు ముప్పది నలుబది యేండ్ల తరువాత ఎవరిని కాచెనో ఎవరిని కష్టపెట్టెనో ఎఱిగినచో ఈ ప్రశ్నకు వేఱొక రూపము వచ్చునని నా దృఢమైన అభిప్రాయము. బాడీని ఎన్నుకొనువాడు నిజమునకు ఎన్నుకొనునది బాడీని గాదు. ఆ బాడీ ముఖమున బిగించిన వలయమును, అనగా లెన్సు తగులుకొను మౌంటును.

1839 ఆగస్టు 19న దగేరు కనుగొన్న ఛాయాగ్రహణ విధానము పారిస్ నగరమున బహిరంగముగా ప్రకటింపబడిన నాటినుండి అర్ధశతాబ్దికి పైగా కెమెరా యనగా ఒక కఱ్ఱపెట్టె. దాని ముందు ఇత్తడి గొట్టములో అమర్చిన గాజు కటకములు, వెనుక గఱకు చేసిన గాజుపలక. ఆ పలకపై దృశ్యము తలక్రిందులుగా, కుడి యెడమలు తారుమారై కనబడుచుండెను. చిత్రకారుడు నల్లని వస్త్రమును తలపై కప్పుకొని, ఆ మసక బింబమును చూచి స్పష్టత సవరించుకొని, పిమ్మట గాజుపలకకు బదులు రసాయనలేపము గల పలకను అమర్చి లెన్సు మూతను తీయుచుండెను. పలక అమరిన మఱుక్షణము నుండి అతడు గ్రుడ్డివాడే. చిత్రము పడుచున్న వేళ తన యంత్రము ఏమి చూచుచున్నదో అతనికి తెలియదు.

సికిందరాబాదున స్టూడియో నడపి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదమును పొందిన రాజా దీనదయాళు ఇట్టి పెట్టెలతోనే హైదరాబాదు సంస్థానపు కోటలను, దేవాలయములను, దర్బారులను, వేటలను చిరస్థాయిగా నిలిపెను. 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో పుట్టి, రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోరు కొలువులో నుండి ఈ విద్యను అభ్యసించిన ఆ మహాశిల్పి జీవితకాలముననే ఛాయాగ్రహణమున ఒక గొప్ప మార్పు సంభవించెను. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు ప్రకటించిన తడిపలక విధానమున పలకకు లేపనము పూయుట, చిత్రమును తీయుట, కడుగుట అన్నియు తేమ ఆఱకమునుపే ముగియవలసియుండుటచే చీకటిగుడారమును వెంట మోసికొని పోవలసివచ్చుచుండెను. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్సు ప్రతిపాదించిన జెలటిను పొడిపలక క్రమముగా ప్రచారమునకు వచ్చి ఆ గుడారమును అనావశ్యకము చేసెను. ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు. ఆ మహత్తరమైన మార్పులో పెట్టె మాఱలేదు, లెన్సు మాఱలేదు. మాఱినది పలక మాత్రమే. లెన్సు విలువ గల ఆస్తి, పెట్టె వడ్రంగి పని, పలక నిత్యము ఖర్చగు సరకు అను ఈ త్రివిధ విభాగము ఛాయాగ్రహణ వృత్తికి పునాదిగా నూటయేబది యేండ్లు నిలిచెను. డిజిటల్ యుగము దానిని తలక్రిందులు చేసినదాక ఎవ్వరును దానిని శంకింపలేదు.

చిత్రము పడునంతవఱకు దృశ్యమును లెన్సు ద్వారా చూడవలెనను కోరికయే అద్దమును కెమెరాలోనికి రప్పించెను. చిత్రలేఖకులు వాడెడి చీకటిపెట్టెలలో అద్దము పదునేడవ శతాబ్దిలోనే కలదు. ఛాయాగ్రహణమునకై 1861లో థామస్ సట్టన్ అను ఆంగ్లేయుడు అద్దముగల కెమెరాకు పేటెంటు పొందెను. అయినను ఆ తరువాతి యేబది యేండ్లును అద్దపు కెమెరాలు బరువైన పెట్టెలుగానే యుండి, కొలది మంది చేతులలోనే మెలగెను.

ఇంతలో జర్మనీ దేశమున వెట్జ్‌లార్ పట్టణపు లైట్జ్ కర్మాగారములో ఓస్కార్ బార్నాకు అను యంత్రజ్ఞుడు చలనచిత్రముల ఫిల్మును అడ్డముగా నడపి, 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు గల చిత్రమును తీయు చిన్న కెమెరాను రూపొందించెను. 1925లో లైకా అను పేర విపణికి వచ్చిన ఆ కెమెరా జేబులో పట్టునంతటిది. ఈనాడు ఫుల్ ఫ్రేమ్ అని మనవారు గౌరవముగా పలుకు కొలత బార్నాకు నాడు ఎన్నుకొన్న కొలతయే. లైకాలో అద్దము లేదు. చిత్రకారుడు లెన్సు ద్వారా గాక, ప్రక్కనున్న వేఱొక చిన్న గవాక్షము ద్వారా చూచును; 1932 నుండి దూరమును కొలిచెడి సాధనము లెన్సునకు జతపడి, లెన్సును త్రిప్పినకొలది రెండు బింబములు ఒకటిగా కలిసినపుడు స్పష్టత కుదురునట్లు ఏర్పాటు జరిగెను. కనుక అద్దములేని చిన్న కెమెరా మన కాలపు క్రొత్త కల్పన గాదు. మన తాతల కాలమున ప్రపంచమునంతను చిత్రించినది అదియే.

అయితే దానికి హద్దులుండెను. గవాక్షమునకు కనబడునది వేఱు, లెన్సునకు కనబడునది వేఱు. వస్తువు సమీపించినకొలది ఆ భేదము పెరుగును. 135 మి.మీ. దాటిన దూరదృష్టి లెన్సులతో ఆ కొలత సాధనమున తగిన సూక్ష్మత కుదరదు. పక్షిని, క్రీడాకారుని, పూరేకుపై వ్రాలిన తుమ్మెదను తీయదలచినవాడు లైకాతో దీనుడగును. లైట్జ్ వారే ఈ లోపమును ఎఱిగి, అద్దముగల ఒక పెట్టెను లైకాకు తగిలించు అనుబంధముగా అమ్మిరి. అద్దము అవసరమని చెప్పుటకు దానిని నిరాకరించినవారి సాక్ష్యమునకు మించినది ఏమి కావలెను?

1936లో డ్రెస్డెను నగరమునుండి ఇహగే సంస్థవారి కైన్ ఎక్సాక్టా వెలువడి, 35 మి.మీ. ఫిల్మునకు అద్దపు కెమెరాను విస్తారముగా ప్రచారము చేసెను. దానిలో దృశ్యమును పైనుండి వంగి చూడవలెను, కుడి యెడమలు తారుమారుగనే యుండును; మీట నొక్కినంతనే అద్దము పైకి లేచి, ఫిల్మును మరల త్రిప్పువఱకు దిగిరాదు. ఈ లోపములను తీర్చుటకు రెండు దశాబ్దములు పట్టెను. 1949 నాటి కాంటాక్స్ ఎస్ కెమెరాలో పంచకోణపు గాజుపట్టకము నెత్తిపై అమరి, దృశ్యమును నిటారుగా, కుడి యెడమలు సవ్యముగా కంటికి చూపెను. 1954లో జపానునందలి అసాహీ సంస్థవారి అసాహీఫ్లెక్స్ రెండవ నమూనాలో అద్దము మీట నొక్కిన వెంటనే తనంతట తాను యథాస్థానమునకు దిగివచ్చెను. ఆ 1954వ సంవత్సరముననే లైట్జ్ వారు లైకా ఎం 3ను వెలువరించిరి. దానిలోని గవాక్షము నిర్మలమైనది, షట్టరు శబ్దము మృదువైనది, నిర్మాణము అనుపమానమైనది. దానితో పోటీపడుట వ్యర్థమని గ్రహించిన జపానువారు ఆ మార్గమును విడిచి అద్దపు మార్గమును పట్టిరని చరిత్రకారులు చెప్పుదురు.

1959లో వచ్చిన నైకాన్ ఎఫ్ ఈ సాధనలనన్నిటిని ఒక్క దేహమున కూర్చెను. నైకాన్ వారు తమ ఎస్‌పీ కెమెరాను ఆధారముగా గొని, దాని నడుమ అద్దపు గదిని చొప్పించి దీనిని నిర్మించిరి. అద్దము తిరుగుటకు చోటు కావలెను. ఆ చోటు కొఱకు లెన్సు తగులు వలయమునకును ఫిల్మునకును నడుమ 46.5 మి.మీ. దూరమును ఉంచిరి. లైకా ఎం వలయమునకు ఆ దూరము 27.8 మి.మీ. మాత్రమే. ఈ పందొమ్మిది మి.మీ.కు లోపడిన వ్యత్యాసమే తరువాతి అఱువది యేండ్ల కెమెరా చరిత్రకు కేంద్రము. విశాలదృశ్యమును చూపు లెన్సు ఫిల్మునకు మిక్కిలి దగ్గఱగా ఉండవలెను; అద్దము దానిని దగ్గఱకు రానీయదు. 1950లో ఫ్రాన్సుదేశపు పియేర్ ఆంజెన్యూ రూపకల్పన చేసిన విపర్యస్త దూరదర్శిని పద్ధతి ఈ చిక్కును విడదీసెను గాని, దానివలన విశాలదృశ్య లెన్సులు పెద్దవై, బరువై, అనేక కటకములతో నిండెను. నైకాన్ ఎఫ్‌తోడనే వచ్చిన 21 మి.మీ. లెన్సును తగిలించుటకు అద్దమును ముందుగా పైకి లేపి బంధింపవలసియుండెను. చూచుటకు నెత్తిపై వేఱొక గవాక్షమును అమర్చుకొనవలసియుండెను. అయినను లెన్సు చూచునదే కన్ను చూచుననెడి భాగ్యము ముందు ఈ కష్టములన్నియు అల్పములని వృత్తివారు నిర్ణయించిరి. ఆ నిర్ణయము ఆనాటికి సర్వవిధముల సమంజసమైనది.

ఫిల్ము యుగమున బాడీని మార్చుటకు తొందర యుండెడిది కాదు. చిత్రపు నాణ్యము లెన్సునుబట్టి, ఫిల్మునుబట్టి ఏర్పడును. బాడీ కేవలము చీకటిని కాపాడు గది, కాలమును కొలుచు గడియారము. ఇరువది యేండ్ల క్రిందటి కెమెరాలో నేటి ఫిల్మును వేసినచో అది నేటి కెమెరాయే. కావుననే తెలుగునాట పట్టణపు స్టూడియోలలో రెండు లెన్సుల యాషికాలు, పిమ్మట పెంటాక్స్, నైకాన్ కెమెరాలు తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చుచుండెను. దిగుమతి సుంకములు భారమైన ఆ దినములలో ఒక మంచి బాడీని సంపాదించుట యనగా ఇంటికి ఆస్తిని చేర్చుటయే. దసరా ఆయుధపూజనాడు స్టూడియోవారు దానికి పసుపు కుంకుమలు పెట్టి పూజించుటలో ఔచిత్యము కలదు. అది వారి అన్నమునకు ఆధారము, మఱియు వారికంటె దీర్ఘాయువు గలది. కొత్తదనము కావలసినవాడు కొత్త రకపు రోలును కొనును. ఉదకమండలమున హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు తయారుచేసిన ఇందు ఫిల్ము మొదలు విదేశపు రంగు ఫిల్ముల వఱకు, నాటి అప్‌గ్రేడ్ అంతయు ఆ చిన్న డబ్బీలోనే యుండెను.

ఈ ప్రశాంతమును మొదట కదిలించినది స్పష్టతను తానుగా సరిచేసుకొనెడి యంత్రము. 1985లో మినోల్టావారి 7000 నమూనా బాడీలో అమర్చిన మోటారుతో లెన్సును త్రిప్పి, ఆటోఫోకస్‌ను సామాన్య వృత్తిసాధనముగా చేసెను. అద్దము ఇచ్చట రెండవ ఉద్యోగమును పొందెను. పెద్ద అద్దపు మధ్యభాగమునుండి కొంత వెలుతురు లోనికి చొచ్చి, దాని వెనుకనున్న చిన్న అద్దముపై బడి, కెమెరా అడుగున నున్న కొలత సాధనమునకు చేరును; ఆ సాధనము బింబభేదమును లెక్కించి లెన్సు ఎటు ఎంత కదలవలెనో చెప్పును. దీనికి సమాధానముగా నైకాన్, కేనన్ సంస్థలు తీసికొన్న నిర్ణయములు పరస్పర విరుద్ధములు. నా దృష్టిలో ఈ చరిత్రయంతటికి గుండెకాయ వంటి ఘట్టము ఇదియే.

నైకాన్ వారు 1959 నాటి వలయమును విడువలేదు. 1986లో వెలువడిన ఎఫ్-501 బాడీలో మోటారును ఉంచి, మఱచీల వంటి ఒక ములుకు ద్వారా లెన్సును త్రిప్పిరి. తమ పాత లెన్సులను కొన్నవారిని నట్టేట విడువగూడదను ధర్మమును వారు పాటించిరి. కేనన్ వారు 1987 మార్చిలో ఈఓఎస్ 650తో ఈఎఫ్ అను సరికొత్త వలయమును తెచ్చి, తమ పాత ఎఫ్‌డీ లెన్సులను ఒక్కనాటితో అనాథలను చేసిరి. ఎఫ్‌డీ దూరము 42 మి.మీ., ఈఎఫ్ దూరము 44 మి.మీ.; పాత లెన్సు కొత్త బాడీపై నడుమ గాజు లేకుండ అనంతదూరమును స్పష్టముగా చూపుట అసాధ్యము. ఏండ్లతరబడి కూడబెట్టి లెన్సులను కొన్నవారి ఆగ్రహము ఎంత న్యాయమైనదో నేను కాదనజాలను. కాని ఆ కొత్త వలయములో ములుకులు లేవు, మీటలు లేవు. మోటారు లెన్సులోనే యుండెను. ద్వారమును తెఱచి మూయుట కూడ విద్యుత్తుతోనే జరుగుచుండెను. బాడీకి లెన్సునకు నడుమ సాగునది సంకేతముల సంభాషణ మాత్రమే. వలయపు నోరు 54 మి.మీ. వెడల్పు. 1987లో కేనన్ వినియోగదారుడు దుఃఖించెను, నైకాన్ వినియోగదారుడు సంతోషించెను. ముప్పదియొక్క సంవత్సరముల తరువాత ఈ సుఖదుఃఖములు ఒకరినుండి ఒకరికి మాఱెను. ఆ సంగతి పిమ్మట వచ్చును.

డిజిటల్ యుగపు ప్రారంభ కథ సుప్రసిద్ధము గనుక దానిని క్లుప్తముగా చెప్పుదును. 1975లో కోడక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి యంత్రము ఒక చిత్రమును క్యాసెట్టుపై నమోదు చేయుటకు 23 సెకనులు పట్టుచుండెను. 1991లో కోడక్ వారే నైకాన్ ఎఫ్ 3 బాడీకి 1.3 మెగాపిక్సెళ్ల సెన్సారును జోడించి అమ్మిరి. 1999లో నైకాన్ డీ 1, 2003లో కేనన్ 300డీ, 2005లో ఫుల్ ఫ్రేమ్ కేనన్ 5డీ వరుసగా వచ్చి ఫిల్మును సాగనంపెను. మన వృత్తి జీవనమునకు సంబంధించినంతవఱకు అసలైన పరిణామము వేఱొకటి. ఫిల్ము స్థానమున నిలిచిన సెన్సారు బాడీలో విడదీయరానిదై కూర్చుండెను. నిత్యవ్యయమగు సరకును, చిరకాలపు పెట్టెను ఒకటిగా బంధించుటచే, రోలును మార్చినంత సులభముగా మాఱవలసిన భాగమును మార్చుటకు మొత్తము కెమెరానే మార్చవలసివచ్చెను. మూడు నాలుగేండ్లకొకసారి బాడీని మార్చుట అను నేటి ఆచారము మనుజుల దురాశవలన పుట్టినది గాదు. ఈ బంధనమువలన పుట్టినది. తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడి ఆస్తి బాడీనుండి తప్పుకొని, దీనదయాళు నాటివలెనే మరల లెన్సునకు చేరెను.

సెన్సారు వచ్చిన పిదప అద్దమునకు ఉద్యోగము తగ్గుట అనివార్యమే. ఫిల్ము తాను చూచుచున్నదానిని ఎవ్వరికిని చెప్పలేదు గనుక అద్దము కావలసివచ్చెను; సెన్సారు తాను చూచునది క్షణక్షణము చెప్పగలదు. 2008 ఆగస్టులో ఒలింపస్, పేనసోనిక్ సంస్థలు మైక్రో ఫోర్ థర్డ్స్ అను కొత్త వలయమును ప్రకటించి, తమ పూర్వపు వలయపు దూరమును సుమారు సగమునకు తగ్గించెను. ఆ వెంటనే సెప్టెంబరులో పేనసోనిక్ జీ 1 ప్రకటింపబడెను. 2010లో సోనీ నెక్స్ కెమెరాలు 18 మి.మీ. దూరపు వలయముతో వచ్చెను. 2013 అక్టోబరులో అదే వలయమున ఫుల్ ఫ్రేమ్ సెన్సారుతో సోనీ ఆల్ఫా 7 ప్రకటింపబడెను. పెద్ద గృహములు ఆనాడు వీనిని లెక్కచేయలేదు. లెక్కచేయకపోవుటకు కారణములు లేకపోలేదు. ఎలెక్ట్రానిక్ వ్యూఫైండరులో దృశ్యము తడబడుచుండెను, చీకటిలో బింబము మసకబాఱుచుండెను, లెన్సులు కొలదిగా నుండెను. అద్దపు వ్యూఫైండరులో చూచుటకు విద్యుత్తు అక్కఱలేదు. దీనిలో ప్రతి చూపునకు బ్యాటరీ కరగును. జపాను పరిశ్రమవారి ప్రామాణిక పరీక్షలో కేనన్ 5డీ మార్క్ 3 ఒక బ్యాటరీతో 950 చిత్రములను తీయగా, ఆల్ఫా 7 సుమారు 340 మాత్రమే తీసెను. తెల్లవాఱుజాము ముహూర్తమునుండి అప్పగింతలవఱకు పనిచేయవలసిన పెండ్లి ఫోటోగ్రాఫరునకు ఈ ఒక్క కారణము చాలును. ఆ కాలమున పాత బాడీని విడువనివారిని మార్పునకు భయపడినవారని తలచుట అన్యాయము.

ఈ లోపములు ఒక్కొక్కటిగా తీఱెను. స్పష్టతను కొలుచు సాధనము అద్దము క్రిందినుండి తరలి సెన్సారులోనికే ప్రవేశించెను. అద్దపు కెమెరాలో కొలుచు మార్గము వేఱు, చిత్రము పడు మార్గము వేఱు. రెంటి నడుమ వెండ్రుకవాసి తేడా వచ్చినను కన్ను బదులు చెవి స్పష్టమగుట అనుభవజ్ఞులందఱు ఎఱిగినదే. సెన్సారే కొలిచినచో ఆ తేడాకు తావు లేదు. 2017లో సోనీ ఆల్ఫా 9 దాదాపు ఫ్రేమంతటను 693 స్థానములలో స్పష్టతను వెదకుచు, వ్యూఫైండరు నల్లబడకుండ, శబ్దము లేకుండ, సెకనునకు ఇరువది చిత్రములను తీసి చూపెను. 2018లో ఆల్ఫా 7 మూడవ నమూనా పెద్ద బ్యాటరీతో, రెండు కార్డు స్లాట్లతో వచ్చి పెండ్లి వృత్తివారిని ఆకర్షించెను. ఇక నైకాన్, కేనన్ సంస్థలు కదలక తప్పలేదు. నైకాన్ కొత్త వలయమునకు 16 మి.మీ. దూరమును, 55 మి.మీ. వెడల్పును నిర్ణయించెను, కేనన్ తన ఆర్ఎఫ్ వలయమునకు 20 మి.మీ. దూరమును నిర్ణయించి, పూర్వపు 54 మి.మీ. వెడల్పునే నిలుపుకొనెను.

పాత లెన్సుల గతి ఏమి? దూరము తగ్గినది గనుక నడుమ ఒక బోలు గొట్టమును చొప్పించినచో పాత లెన్సు తనకు కావలసిన దూరమున నిలుచును, గాజు అక్కఱలేదు. కేనన్ వారి అడాప్టరుతో 1987 నాటి తొలి ఈఎఫ్ లెన్సు మొదలు అన్నియు ఈఓఎస్ ఆర్‌పై ఆటోఫోకస్‌తో సహా యథావిధిగా పనిచేసెను. వాని సంభాషణ మొదటినుండియు విద్యుత్సంకేతములే గనుక కొత్త బాడీ ఆ భాషను సులభముగా మాటాడెను. నైకాన్ వారి అడాప్టరులో మాత్రము ములుకును త్రిప్పు మోటారు లేదు. లెన్సులోనే మోటారు గల ఏఎఫ్-ఎస్ లెన్సులు చక్కగా పనిచేసెను గాని, బాడీ మోటారుపై ఆధారపడిన ఏఎఫ్-డీ లెన్సులు జెడ్ బాడీలపై ఆటోఫోకస్‌ను కోల్పోయెను. 1986లో దయతో నిలిపిన సంప్రదాయము 2018లో భారమైనది. 1987లో నిర్దయగా త్రెంచిన బంధము 2018లో వరమైనది. అంతేకాదు, 1987లో అనాథలైన ఎఫ్‌డీ లెన్సులు సైతము, 42 మి.మీ. దూరము కొత్త వలయములన్నిటికంటె పెద్దది గనుక, చేతితో స్పష్టత సవరించుకొను ఓపికగల వారి బాడీలపై పునర్జన్మ నెత్తెను. లైకా ఎం లెన్సులకును ఇదే భాగ్యము కలిగెను. ఒక బాడీని కొనునాడు ఈ పరిణామములను ఊహించుట ఎవ్వరి తరముగాదు. కాని తన వద్దనున్న లెన్సులలో మోటారు ఎచ్చటనున్నదో చూచుకొనుట ప్రతివాని తరమగును. నైకాన్ పాత లెన్సులను పెట్టెనిండ కూర్చుకొన్నవాడు జెడ్ బాడీకి ధర కట్టునపుడు ఆ లెన్సుల మార్పునకగు వ్యయమును కూడ కలుపుకొనవలెను.

తరువాతి పరిణామములు త్వరగా సాగెను. 2020లో జపాను కెమెరా పరిశ్రమ లెక్కలలో మిర్రర్‌లెస్ కెమెరాల సరఫరా అద్దపు కెమెరాలను మించెను. ఆ యేడాదియే అసోసియేటెడ్ ప్రెస్ తన చిత్రకారులందఱకు సోనీ కెమెరాలను ఇచ్చుటకు నిశ్చయించెను. 2020 ఆరంభమున ప్రకటింపబడిన కేనన్ 1డీ ఎక్స్ మార్క్ 3, నైకాన్ డీ 6 కెమెరాలు వారి వంశములలో కడపటి అద్దపు రాజములైనవి. పెంటాక్స్ మాత్రము నేటికిని అద్దమును విడువక నిలిచియున్నది. కంటికి నేరుగా తగులు వెలుతురును ప్రేమించువారు లోకమునుండి అంతరింపలేదు.

మన పెండ్లి పందిరులలో పనిచేయువానికి ఈ చరిత్రనుండి ఏమి తేలుచున్నదో చెప్పుట అవసరము. తెలుగునాట ఛాయాగ్రహణ వృత్తి అధికముగా జీవించునది అచ్చటనే. జీలకఱ్ఱ బెల్లము పెట్టు క్షణము, తెర తొలగు క్షణము, మాంగల్యధారణ క్షణము మరల రావు. అద్దములేని బాడీ కంటిని గుర్తించి వెన్నాడుట, పెక్కింటిలో చేతివణుకును సెన్సారే సర్దుకొనుట, చిత్రము ఎంత వెలుతురుతో పడునో ముందుగానే వ్యూఫైండరులో కనబడుట నిజమైన ఉపకారములు. కేనన్, నైకాన్ అద్దపు బాడీలలో సెన్సారు కదలిక ఎన్నడును లేదు. అయితే 2018 నాటి ఈఓఎస్ ఆర్, జెడ్ 6, జెడ్ 7 బాడీలు మూడింటిలోను కార్డు స్లాటు ఒక్కటే. కార్డు చెడినచో పెండ్లి మరల జరుగదు గనుక ఆనాడు ఆగినవారు వివేకులు. 2020లో వచ్చిన కేనన్ ఆర్ 6, నైకాన్ జెడ్ 6 రెండవ నమూనా రెండేసి స్లాట్లతో ఆ కొఱతను తీర్చెను. మఱియొకటి: అద్దము, దాని వెనుకనున్న షట్టరు తెర సెన్సారునకు కవచములుగా నుండెడివి. అద్దము లేక, షట్టరు తెర తెఱచియుండుచోట లెన్సు మార్చునపుడు అక్షతల పొడి, పసుపు, హోమధూమపు మసి సెన్సారుపై నేరుగా పడగలవు. ఈఓఎస్ ఆర్ బాడీని ఆపినంతనే షట్టరు మూసికొనునట్లు కేనన్ వారు చేసినది ఇందులకే. అది లేని బాడీ గలవారు రెండు బాడీలకు రెండు లెన్సులను తగిలించి, పందిరిలో మార్పే లేకుండ చేసుకొనుట మంచిది.

నిశ్శబ్దపు షట్టరు విషయమున కూడ జాగరూకత వలయును. సాధారణ సెన్సారు తన బింబమును పైనుండి క్రిందికి వరుస వెంట వరుసగా చదువును. కల్యాణమండపములలోని ఎల్‌ఈడీ దీపములు కంటికి తెలియని వేగమున వెలుగుచు ఆఱుచుండును. ఈ రెండు లయలు కలియనిచోట చిత్రముపై నల్లని పట్టెలు పడును. మంత్రపఠనము నడుమ శబ్దము లేకుండుట శోభావహమే యైనను, దీపములను ముందుగా పరీక్షింపక ఆ షట్టరును నమ్ముకొన్నచో ఆల్బమున పూడ్చరాని నష్టము వచ్చును. అతివేగముగా చదువు సెన్సారుతో 2021లో వచ్చిన నైకాన్ జెడ్ 9 యాంత్రికమైన షట్టరునే విడిచిపెట్టెను. 2023 నవంబరులో సోనీ ప్రకటించిన ఆల్ఫా 9 మూడవ నమూనా సెన్సారు నంతటిని ఒకే క్షణమున చదివి, ఏ షట్టరు వేగముననైనను ఫ్లాషును వెలిగింపగల శక్తిని సంపాదించెను. దానికి మూల్యముగా దాని సహజ కనిష్ఠ ఐఎస్ఓ 250గా నిలిచెను. మైదానమున పరుగులను తీయువానికి, పట్టపగటి యెండలో ఫ్లాషుతో వెలుతురును మలచువానికి అది అమూల్యమైన సాధనము. మండపపు సాయంకాంతిలో పనిచేయువాడు, తన పాత ఈఎఫ్ లెన్సులకు అడాప్టరును, రెండు స్లాట్లు గల ఒక మధ్యతరగతి బాడీని కొని, మిగిలిన ధనముతో 85 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సును, అదనముగా రెండు బ్యాటరీలను సమకూర్చుకొనుట మేలని నేను నమ్ముచున్నాను.